ఒకరే గెలుస్తుంటే మైదానం నిండుతుందా?

కువైట్ సిటీ నుంచి నైరుతి దిక్కుగా ఎడారిలోకి పోతే కబ్ద్ వస్తుంది. గొర్రెల దొడ్లు, గుర్రపు శాలలు, ఒంటెలను కట్టే జాఖూర్లు, చలికాలం రాగానే వెలిసే గుడారాలు. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ వైపు నుంచి వచ్చి జాఖూర్లలో, మజ్రాలనే తోటల్లో పనిచేసేవాళ్ళకీ, యజమాని కఫీల్ ఇంట్లో బండి తోలే డ్రైవర్లకీ ఈ పేరు బాగా తెలుసు. షేక్ ఫహద్ అల్ అహ్మద్ పేరు పెట్టిన ఒంటెల పరుగు మైదానం ఇక్కడే ఉంది. ఎండలు తగ్గాక దానికి సీజన్ మొదలవుతుంది.

ఆటలు చూసేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఒకే జట్టు, లేదా ఒకే యజమాని ఏళ్ళ తరబడి గెలుస్తూ పోతే జనానికి ఆసక్తి పెరుగుతుందా, చచ్చిపోతుందా? పెరుగుతుందనేవాళ్ళు పెద్ద పేర్లు చూపిస్తారు. చస్తుందనేవాళ్ళు ఖాళీ కుర్చీలు చూపిస్తారు. నా మటుకు నేను రికార్డులు తిరగేసిన కొద్దీ ఒక్క సంగతి గట్టిపడుతోంది: ఎంత పెద్ద గెలుపైనా జనాన్ని తరమదు. ఆ గెలిచేవాణ్ణి పడగొట్టగల మొనగాడు ఎక్కడో ఉన్నాడన్న నమ్మకం పోయినప్పుడే జనం ఇంటిదారి పడతారు. ఈ సంచిక వింతలు విశేషాలన్నీ ఆ నమ్మకం చుట్టూ తిరిగేవే. కబ్ద్ నుంచే బయల్దేరదాం.

జాకీ బరువు కొన్ని కిలోలే

కబ్ద్ పరుగులో ఒంటె మీద మనిషి కూర్చోడు. మూపురం వెనక ఒక చిన్న యంత్రం కట్టి ఉంటుంది. దానికి రంగుల చొక్కా, నెత్తిన టోపీ. లోపల తిరిగేది చాలావరకు గోడకు కన్నాలు వేసే డ్రిల్ మిషన్‌లోంచి తీసిన మోటారు. మోటారు తిరిగితే దానికి బిగించిన సన్నటి కొరడా తిరుగుతుంది. పక్కనే ఒక స్పీకరు. రెయిలింగుకు అవతల సమాంతరంగా వేసిన దారి మీద యజమానులు, శిక్షణ ఇచ్చే ముదమ్మిర్లు పెద్ద పెద్ద జీపుల్లో ఒంటెలతో పాటు దూసుకుపోతూ ఒక చేత్తో రిమోట్ నొక్కుతారు, వాకీటాకీలో ఒంటెను పేరు పెట్టి అదిలిస్తారు. ఆ గొంతు ఒంటె చెవి పక్కనే పలుకుతుంది. దుమ్ములో ఒంటెల వరుస ఎంత పొడవుంటుందో జీపుల వరుసా అంతే ఉంటుంది.

ఒకప్పుడు గల్ఫ్ దేశాల్లో ఆ చోట పసిపిల్లలు కూర్చునేవాళ్ళు. బరువు తక్కువని పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్‌ల నుంచి తెచ్చేవాళ్ళు. పడి చచ్చిపోయిన పిల్లలున్నారు, కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళున్నారు. 2005 ప్రాంతంలో ఖతార్, ఎమిరేట్స్ ఆ పద్ధతిని నిషేధించాక రోబో జాకీలు గల్ఫ్ అంతా పాకాయి. ఈ ఆట చరిత్రలో ఇంతకు మించిన మంచి మార్పు లేదు.

మన ప్రశ్నకు పనికొచ్చే విశేషం మాత్రం యంత్రంలో లేదు, పరుగుల పట్టికలో ఉంది. గల్ఫ్ ఒంటె పరుగుల్లో అన్ని ఒంటెల్నీ ఒక్కసారే వదలరు. వయసును బట్టి తరగతులు చేస్తారు. ప్రతి తరగతిలో ఆడ ఒంటెలకు వేరే పరుగు, మగవాటికి వేరే పరుగు. చిన్నవాటికి నాలుగైదు కిలోమీటర్లు, పెద్దవాటికి ఎనిమిది దాకా. ఈ ఏడాది ఒక తరగతిని ఏలిన ఒంటె వచ్చే ఏడాది పై తరగతిలోకి పోవాల్సిందే. అది ఖాళీ చేసిన చోటు కోసం కింద డజన్ల కొద్దీ ఒంటెలు ఎదురుచూస్తుంటాయి.

ఒంగోలు గిత్తలకూ ఇదే లెక్క

ఇది చదువుతుంటే కర్నూలు, కడప, ప్రకాశం, పల్నాడు పాఠకులకు వెంటనే బండలాగుడు పోటీలు గుర్తుకు రావాలి. తిరునాళ్ళకో ఉగాదికో పోటీ పెడితే గోడ మీద అతికించే కాగితంలో వరుసగా ఏముంటుంది? పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన న్యూ కేటగిరీ, సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. గిత్త నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి తరగతి ఖాయం చేస్తారు. ఒక్కో తరగతికి ఒక్కో బరువు బండ. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగితే దానిదే బహుమతి.

ఎడారి బెదూలూ రాయలసీమ రైతులూ ఒకరి ఊసు ఒకరికి తెలియకుండానే ఒకే నిర్ణయానికి వచ్చారు. పేరుమోసిన జత ఊళ్ళోకి వస్తోందంటే జనం పొలం పనులు ఆపుకొని వస్తారు. అది నిజం, దిగ్గజం ఉండాలి. కానీ ఆ జత పాలపళ్ళ దూడల మీద కూడా గెలుస్తానంటే ఇంకెవరూ దూడను మేపరు. సీనియర్ జత మీద మోజు, నాలుగు పళ్ళ జత మీద ఆశ రెండూ ఒకే రోజు ఒకే బరిలో దొరకాలి. మైకు పట్టుకున్నవాడు జత యజమాని పేరు, ఊరి పేరు కలిపి చదువుతాడు కాబట్టి గెలిచినా ఓడినా ఆ ఊరివాళ్ళకి అక్కడ నిలబడటానికి ఒక కారణం ఉంటుంది.

ఎమిరేట్స్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. దుబాయ్ దగ్గరి అల్ మర్మూమ్, అబుదాబి దగ్గరి అల్ వత్బా లాంటి పెద్ద మేళాల్లో పాలక కుటుంబాల షేకుల ఒంటెలకు వేరే పరుగులు, తెగలవాళ్ళ ఒంటెలకు వేరే పరుగులు ఉంటాయి. మేలుజాతి ఒంటెలు, పశువైద్యశాలలు, ఎంతైనా పెట్టగల డబ్బు ఉన్నవాళ్ళతో ఒక మామూలు బెదూ కుటుంబం తలపడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వేరు చేయబట్టే ఆ కుటుంబం ఇప్పటికీ ఒంటెను పెంచుతోంది. గెలిచిన ఒంటె తలకూ మెడకూ కుంకుమపువ్వు పూస్తారు. ఆ పసుపు రంగు తన ఒంటె మెడ మీద చూసుకునే అవకాశం చిన్నవాడికీ ఉండాలి కదా.

దుబాయ్‌లో 2009 ఏప్రిల్‌లో ఇంజాజ్ అనే ఒంటె పిల్ల పుట్టింది. క్లోనింగ్ ద్వారా పుట్టిన తొలి ఒంటె ప్రపంచంలో అదే. ఆ తర్వాత గెలుపు ఒంటెలకు నకళ్ళు తీయడం అక్కడ ఒక వ్యాపారమే అయింది. ఇది నాకు భయం పుట్టించే విశేషం. నిన్న గెలిచినదాని నకలే రేపూ పరుగెడితే, ఎల్లుండి దాన్ని ఓడించే కొత్త ఒంటె ఏ జాఖూర్‌లోంచి రావాలి?

మొదటి పదింట్లో ఏడు

కబ్ద్ మైదానానికి పేరిచ్చిన షేక్ ఫహద్ సంగతి ఫుట్‌బాల్ ప్రియులకు మరోలా తెలుసు. 1982 స్పెయిన్ ప్రపంచ కప్‌లో కువైట్ మీద ఫ్రాన్స్ వేసిన గోల్‌ను ఒప్పుకోనంటూ గ్యాలరీ నుంచి మైదానంలోకి దిగి, రిఫరీ చేత ఆ గోల్ రద్దు చేయించిన పెద్దమనిషి ఆయనే. మ్యాచ్ మాత్రం ఫ్రాన్స్ 4-1తో గెలిచింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ దండెత్తిన రోజు దస్మాన్ భవనం దగ్గర ఆయన ప్రాణాలు వదిలారు.

ఆ కాలపు కువైట్ జట్టు గల్ఫ్‌లో ఎదురులేని జట్టు. 1970లో మొదలైన గల్ఫ్ కప్‌ను 1970, 72, 74, 76 వరుసగా నాలుగు సార్లూ అదే ఎత్తుకుపోయింది. 1990 వరకు జరిగిన మొదటి పది పోటీల్లో ఏడు కువైట్‌వి, మూడు ఇరాక్‌వి. మిగతా దేశాలకు ఒక్కటీ లేదు. 1980లో సొంతగడ్డ మీద దక్షిణ కొరియాను 3-0తో ఓడించి ఆసియా కప్ గెలిచింది. రెండేళ్ళకు ప్రపంచ కప్‌కు వెళ్ళింది. ఆసియా ఖండపు అరబ్ దేశాల్లో ఈ రెండూ సాధించిన మొదటి దేశం అదే. జాసిమ్ యాకూబ్ గల్ఫ్ కప్‌లో కొట్టిన 18 గోల్స్ ఆ పోటీ చరిత్రలోనే ఎక్కువ.

ఇంత ఏకపక్షంగా సాగిన పోటీ జనం లేక మూలపడాలి కదా. పడలేదు. 1979లో బాగ్దాద్‌లో ఇరాక్ తొలిసారి కప్పు లాక్కుంది. అప్పటి నుంచి పోటీకి కొత్త ప్రాణం వచ్చింది. కువైట్‌ను ఓడించడమే ఒక గొప్ప అయింది. ఆ తర్వాత సౌదీ, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్ ఒక్కొక్కటిగా ఆ గొప్పను దక్కించుకున్నాయి. పది కప్పులతో రికార్డు ఇప్పటికీ కువైట్‌దే, అయితే ఆఖరిది 2010 నాటిది. 2024 డిసెంబరులో ఆ పోటీ మళ్ళీ కువైట్‌కు వచ్చింది. 60 వేలు పట్టే జాబిర్ స్టేడియం కువైట్ ఆడిన రోజుల్లో జనంతో హోరెత్తింది. జట్టు సెమీఫైనల్లో బహ్రెయిన్ చేతిలో 1-0తో ఓడింది, ఆ బహ్రెయినే కప్పు గెలిచింది. పద్నాలుగేళ్ళుగా కప్పు లేని జట్టు కోసం అంత జనం రావడం చూస్తే, గెలుపు రోజుల్లో నాటుకున్న అభిమానం ఎంత లోతుకు పోతుందో తెలుస్తుంది. తండ్రి చూసిన 1980 ఫైనల్ కొడుకు చేత టికెట్ కొనిపించింది.

63 పట్టాలు, ఆరు పేర్లు

కువైట్ లీగ్ 1961-62లో మొదలైంది. యుద్ధం వల్ల 1990-91లో జరగలేదు. 2024-25 వరకు మొత్తం 63 సీజన్లు. ఈ 63 పట్టాలనూ, అంటే టైటిళ్ళనూ, ఆరంటే ఆరు క్లబ్బులే పంచుకున్నాయి. కువైట్ ఎస్సీకి 20, అల్ అరబీకి 17, ఖాద్సియాకు 17, కాజ్మాకు 4, సాల్మియాకు 4, జహ్రాకు 1. పెద్ద మూడు క్లబ్బుల వాటా 54.

2021 వేసవిలో ఆ పట్టిక మరీ బిగుతుగా ఉండేది. అరబీ 17, ఖాద్సియా 17, కువైట్ 16. కైఫాన్‌లోని తెల్ల చొక్కాల కువైట్ ఎస్సీ ఆ తర్వాత వరుసగా నాలుగు గెలిచి ముందుకు దూకింది. కానీ ఈ దేశంలో కాఫీ దుకాణాల దగ్గర వాదన పుట్టేది ఎక్కువగా ఆకుపచ్చ అరబీకీ, పసుపు ఖాద్సియాకీ మధ్యే. హవల్లీలో ఖాద్సియా, మన్సూరియాలో అరబీ. ఒకరి ఇంటికి మరొకరు ఎంతో దూరం లేరు. అరబీ అయితే 2002లో గెలిచాక మళ్ళీ లీగ్ పట్టా చూడటానికి 2021 దాకా ఆగింది. ఆ పంతొమ్మిదేళ్ళలో అభిమానులు చొక్కా మార్చలేదు. గెలుపు లెక్కలో వెనకబడ్డ రెండు క్లబ్బులే అభిమానుల లెక్కలో దేశాన్ని చెరిసగం పంచుకున్నాయి.

జహ్రా గెలిచిన ఆ ఒక్క పట్టా సంగతి వింటే మనసు కలుక్కుమంటుంది. అది 1989-90 సీజన్‌ది. ఊరు పండగ చేసుకున్న వేసవిలోనే ఆగస్టులో ట్యాంకులు వచ్చాయి. ఛాంపియన్‌గా తర్వాతి సీజన్ ఆడే అవకాశమే వాళ్ళకి దక్కలేదు. మళ్ళీ ఇప్పటిదాకా గెలవలేదు.

ఇరవై గోల్స్ తిన్న జట్టు

2000 ఫిబ్రవరి 14న ఆసియా కప్ అర్హత పోటీలో కువైట్ భూటాన్‌ను 20-0తో ఓడించింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అప్పటికి అదే అతి పెద్ద గెలుపు. మరుసటి ఏడాది ఏప్రిల్లో ఆస్ట్రేలియా ముందు టోంగా మీద 22-0, రెండు రోజులకు అమెరికన్ సమోవా మీద 31-0 కొట్టి ఆ రికార్డు లాగేసుకుంది. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 గోల్స్ వేశాడు.

ఈ రెండు రికార్డుల తర్వాత జరిగినవే అసలు విశేషాలు. తమ ఖండంలో దీటైన జట్లు లేక విసిగిన ఆస్ట్రేలియా 2006 జనవరి నుంచి ఓషియానియాను వదిలి ఆసియా సమాఖ్యలో చేరిపోయింది. గెలవడమే ఎక్కువై, ఓడించగలవాళ్ళను వెతుక్కుంటూ ఖండం మారిన దేశం అది.

భూటాన్ కథ ఇంకా అందమైనది. 2002 జూన్ 30న యోకొహామాలో బ్రెజిల్, జర్మనీ ప్రపంచ కప్ ఫైనల్ ఆడాయి. అదే రోజు థింపూలో ఫిఫా పట్టికలో అట్టడుగున ఉన్న రెండు జట్లు, భూటాన్, మాంట్సెరాట్, తలపడ్డాయి. ఒకటి 202వ ర్యాంకు, మరొకటి 203. ఆ ఊరికి అది చాలా పెద్ద జనం; చాంగ్లిమితాంగ్ స్టేడియం నిండింది. భూటాన్ 4-0తో గెలిచింది. రెండేళ్ళ కింద ఇరవై గోల్స్ తిన్న దేశానికి, తమతో సమానమైన జట్టు ఎదురుపడగానే, స్టేడియం నింపుకునేంత ఆసక్తి పుట్టుకొచ్చింది. ఆర్థికవేత్తలు ఎన్ని సూత్రాలు రాసినా ఈ ఒక్క మధ్యాహ్నం కంటే బాగా చెప్పలేరని నా అభిప్రాయం.

సూత్రాలూ లేకపోలేదు. 1964లో వాల్టర్ నీల్ అనే అమెరికా ఆర్థికవేత్త బాక్సర్ జో లూయిస్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. ఏ వ్యాపారికైనా పోటీదారు లేకపోతే లాభం. బాక్సర్‌కు అలా కాదు, ఎదురు నిలిచేవాడు ఎంత బలవంతుడైతే గేటు దగ్గర అంత డబ్బు. 1936లో మాక్స్ ష్మెలింగ్ లూయిస్‌ను పడగొట్టాడు. 1938 జూన్‌లో మళ్ళీ తలపడినప్పుడు న్యూయార్క్ యాంకీ స్టేడియానికి 70 వేల మంది వచ్చారు. లూయిస్ మొదటి రౌండ్‌లోనే పని ముగించాడు. ఆ జనాన్ని రప్పించింది మాత్రం రెండేళ్ళ కిందటి ఓటమి.

కప్పుంది, ఇల్లు లేదు

ఇక మన ఇంటి కథ. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో 3-1తో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. కోవిడ్ వల్ల సీజనంతా గోవాలోనే జరిగింది. తమ జట్టు ఛాంపియన్ అవుతుంటే హైదరాబాద్ జనం ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలిలో చూడలేదు. మరుసటి సీజన్‌లో రెండో స్థానం. తర్వాత డబ్బు కటకట, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, ఓటముల వరుస. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

అదే ఫైనల్లో ఓడిన బ్లాస్టర్స్‌ను చూడండి. 2014లో, 2016లో, 2022లో మూడు ఫైనల్స్ ఆడి మూడూ ఓడారు. కప్పు సున్నా. కొచ్చి స్టేడియం మాత్రం పసుపు సముద్రం. వాళ్ళ అభిమానుల సంఘం మంజప్పడకు గల్ఫ్ అంతటా మనుషులున్నారు. జిలీబ్‌లోనో ఫర్వానియాలోనో మలయాళీ మిత్రుడు ఉన్నవాడికి ఆ పిచ్చి ఏ స్థాయిదో తెలుసు. గెలిచిన జట్టు ఊరు విడిచింది, ఓడిన జట్టు ఊరిని కట్టేసింది. గెలుపు అభిమానాన్ని తెచ్చిపెట్టాలంటే ముందు ఆ గెలుపు జరిగేటప్పుడు ఊరు పక్కన ఉండాలి.

ఇది హైదరాబాద్‌కు కొత్త గాయం కాదు, అందుకే ఎక్కువ బాధ. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదు సార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఏవీ ఆ వరుసను అందుకోలేదు. సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ సెమీస్‌కు చేరిందంటే, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిందంటే రహీం సాబ్ చలవే. కానీ సొంత ఊళ్ళో డబ్బున్న లీగ్ కట్టలేదు. సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. అంతటి ఆధిపత్యం ఒక మనిషి మీద నిలబడితే ఆ మనిషితోనే పోతుంది.

అట్టడుగునా వీడని అభిమానం

ప్రో కబడ్డీలో పాట్నా పైరేట్స్ మూడు, నాలుగు, ఐదు సీజన్లు వరుసగా గెలిచింది. తెలుగు టైటాన్స్‌ది మరో రకం రికార్డు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, తొమ్మిదిలో రెండు, పదిలో రెండు. మూడు సీజన్లలోనూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. పవన్ సెహ్రావత్‌ను తొమ్మిదో సీజన్‌కు 2 కోట్ల 26 లక్షలకు కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలి గాయం, పదో సీజన్‌కు 2 కోట్ల 60 లక్షలు దాటి పెడితే జట్టు మళ్ళీ అడుగునే. అయినా టైటాన్స్ చొక్కా వేసుకునేవాళ్ళు తగ్గలేదు. 2025 సీజన్ విశాఖలో టైటాన్స్ మ్యాచ్‌తోనే మొదలుపెట్టారు, ఆ ఏడాది జట్టు ప్లే ఆఫ్స్‌కు చేరింది.

కబడ్డీలో భారత్ ఆధిపత్యం మాత్రం ఆటకే ప్రమాదంగా మారబోయింది. 1990లో బీజింగ్‌లో ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి 2014 దాకా పురుషుల స్వర్ణాలు ఏడుకు ఏడూ మనవే. ప్రపంచ కప్‌లు 2004, 2007, 2016 మనవే, మూడు ఫైనల్సూ ఇరాన్ మీదే. గెలవడం ఖాయమని తెలిశాక ఆ పతకాల వార్తలు పత్రికల్లో చిన్న పెట్టెలోకి పోయాయి. 2018 జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ 27-18తో మనవాళ్ళను పడగొట్టింది. దేశం ఉలిక్కిపడింది. 2023లో హాంగ్జౌ ఫైనల్ 33-29తో మనం గెలిచాం. ఒక పాయింటు మీద గొడవై మ్యాచ్ గంటసేపు ఆగితే, ఆ గంటా జనం టీవీల ముందు నుంచి కదల్లేదు. కబడ్డీ కోసం అంత ఉత్కంఠ అంతకు ముందు ఎప్పుడు చూశాం? ఇరాన్‌కు మనం కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

క్రికెట్‌లో 1958-59 నుంచి 1972-73 దాకా బొంబాయి రంజీ ట్రోఫీని వరుసగా 15 సార్లు గెలిచింది. రాజస్థాన్ ఆ బొంబాయి చేతిలో ఏడు ఫైనల్స్ ఓడింది. 1973-74లో బెంగళూరులో కర్ణాటక సెమీఫైనల్లో బొంబాయిని ఆపింది, ఆ ఏడాది ఫైనల్లో మళ్ళీ ఓడింది కూడా రాజస్థానే. వాళ్ళకి తొలి ట్రోఫీ 2010-11లో దొరికింది. ఆ పదిహేనేళ్ళ వరుస లేకపోతే కర్ణాటక సెమీఫైనల్ గెలుపును ఈ రోజుకీ ఎవరు చెప్పుకుంటారు?

నాలుగేళ్ళలో మూతపడ్డ లీగ్

ఆధిపత్యం నిజంగా ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. అమెరికాలో 1946లో కొత్తగా పుట్టిన అమెరికా తరహా ఫుట్‌బాల్ లీగ్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ నాలుగు సీజన్లూ తానే గెలిచింది. ఆ నాలుగేళ్ళలో ఓడింది నాలుగే మ్యాచులు, 1948లో ఒక్కటీ లేదు. క్లీవ్‌లాండ్‌లోనే జనం తగ్గారు. 1949 తర్వాత లీగ్ మూతపడింది. బ్రౌన్స్‌ను పాత లీగ్ ఎన్ఎఫ్ఎల్ చేర్చుకుంది. మొదటి మ్యాచ్ అక్కడి ఛాంపియన్ ఫిలడెల్ఫియాతో. చిన్న లీగ్ రాజుల సత్తా చూద్దామని 71 వేల మంది వచ్చారు. బ్రౌన్స్ 35-10తో గెలిచి, ఆ ఏడాది టైటిల్ కూడా పట్టుకుపోయింది. జట్టు అదే, గెలుపు అదే, ఎదురు నిలిచినవాళ్ళే మారారు.

లాట్వియాలో స్కోంటో రీగా 1991 నుంచి 2004 దాకా వరుసగా 14 లీగ్ టైటిళ్ళు గెలిచింది, 2016లో దివాలా తీసింది. 2002లో ఫార్ములా వన్‌లో ఫెరారీ 17 రేసుల్లో 15 గెలిచి, షూమాకర్ జూలైలోనే టైటిల్ ముగించేస్తే, మరుసటి ఏడాదికి పాయింట్ల పద్ధతే మార్చారు. రెండో స్థానానికి 6 పోయి 8 వచ్చింది.

నా వాదనకు అడ్డొచ్చేది జర్మనీ. బయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 దాకా 11 టైటిళ్ళు వరుసగా గెలిచినా బుందెస్‌లీగాలో మ్యాచ్‌కు సగటున 40 వేల మంది వస్తూనే ఉన్నారు. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు సభ్యులదే, నిలబడి చూసే టికెట్ చౌక. డార్ట్‌మండ్ వాడు టైటిల్ కోసం రాడు, నిలబడి చూసే స్టాండులో తన చోటు కోసం వస్తాడు. అయినా 2023-24లో లెవర్‌కుసెన్ ఒక్క మ్యాచ్ ఓడకుండా బయర్న్ వరుసను తెంచినప్పుడు దేశమంతా పులకించింది.

మళ్ళీ కువైట్‌కు వద్దాం. ఇక్కడ శుక్రవారం వస్తే ఖాళీ జాగా ఉన్నచోటల్లా మన దేశస్థులు, పాకిస్తానీలు, లంకవాళ్ళు టేపు చుట్టిన బంతితో క్రికెట్ ఆడుకుంటారు. కువైట్ జాతీయ జట్టు కూడా చాలావరకు ఇలా పనికి వచ్చిన కుటుంబాలవాళ్ళదే. 2025 నవంబరు 8న హాంకాంగ్ సిక్సెస్ పోటీలో ఈ జట్టు దినేశ్ కార్తీక్ నాయకత్వంలోని భారత్‌ను 27 పరుగుల తేడాతో ఓడించింది. కెప్టెన్ యాసీన్ పటేల్ 14 బంతుల్లో 58 కొట్టాడు. జట్టుకు ఆరుగురే ఉండే పొట్టి పోటీ అయితేనేం, స్కోర్‌కార్డులో ఉండేది ఆ రెండు దేశాల పేర్లే. కువైట్ అక్కడితో ఆగక ఫైనల్ దాకా వెళ్ళి పాకిస్తాన్ చేతిలో 43 పరుగుల తేడాతో ఓడింది. పాకిస్తాన్‌కు అది ఆరో కప్పు, ఆ పోటీలో అదే రికార్డు.